నీలాపనిందపాలైన నీటి దొర

భాద్రపద శుద్ధ చవితినాడు విఘ్నేశ్వరుని పూజించి, అక్షతలు చేతబట్టుకొని శమంతకమణి కథను వినుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న యాచారము. సత్రాజిత్తు మణి కనబడకపోయెను. దానిని ధరించి వేటకు పోయిన ప్రసేనుడు మరలి రాకపోయెను. అంతట ద్వారకలో నొకరి చెవి నొకరు కొఱికిరి. చూచినవాడొకడును లేడు, చెప్పనివాడొకడును లేడు. కృష్ణుడే యపహరించెనని యూరెల్ల నమ్మెను. సాక్షాద్భగవంతునికే నీలాపనింద తప్పలేదని మనము కథ ముగించి అక్షతలు తలపై వేసికొందుము.

అయితే ఆ కథయందొక విశేషము కలదు. కృష్ణునికి గడువు చిక్కినది. అడుగుల జాడబట్టి అడవికి పోయి, జాంబవంతుని గుహ కనుగొని, మణిని తెచ్చి నిండు సభలో చూపుటకు ఆయనకు బలమును కాలమును కూడ కలిగెను. అట్టి గడువు చిక్కనివాని గతి యేమి? మణి తెచ్చి చూపుటకు ముందే నిందాభారమునకు క్రుంగిపోయినవాని గతి యేమి? ఈ మాసము అట్టి యొకని చరిత్రను పాఠకురాండ్రకు విన్నవింప దలచితిమి.

నీటిపని చేసిన పరదేశి యనగానే మన గోదావరి మండలములవారికి కాటను దొర తలపునకు వచ్చును. ఆయన 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించి, పిమ్మట స్వదేశమునకు మరలి, 1899లో ఇంగ్లండునందలి డార్కింగు పట్టణమున పండు వయసులో కన్నుమూసి, అక్కడనే సమాధి చేయబడెను. మేము చెప్పబోవు దొరకు ఆ భాగ్యము లేదు. పుట్టిన నేల యొకటి, పెండ్లాడిన నేల మఱియొకటి, మట్టిలో కలిసిన నేల వేఱొకటి. ఆయన పేరు చార్లెసు యెల్వర్టను ఓకానరు.

ఓకానరు 1843వ సంవత్సరము జనవరి 11వ తేదీని ఐర్లండు దేశమున మీతు మండలమునందు జన్మించెను. ఆయనకు రెండేండ్ల ప్రాయమున, 1845లో, ఆ దేశపు బీదలకు ప్రాణాధారమైన ఆలుగడ్డ పంటకు తెగులు తగిలి మహాక్షామము ప్రారంభమయ్యెను. లక్షలమంది చనిపోయిరి, లక్షలమంది ఓడలెక్కి దేశాంతరములకు పోయిరి. అట్టి నేలమీద పెరిగిన బాలుడు యుక్తవయసుననే రైలుమార్గములు వేయు నొక యింజనీరు కడ శిష్యరికము చేసి పని నేర్చెను. 1865లో, ఇరువదిరెండేండ్ల వయసున, న్యూజీలండు చేరెను. అక్కడి కొండలలోను అడవులలోను బాటలు, వంతెనలు, రేవులు కట్టించుచు ఇరువదియాఱేండ్లు గడపెను. 1874లో క్రైస్టుచర్చి పట్టణమున సూసను లెటీషియా నెస్సు అను నామెను వివాహమాడెను. పలువురు బిడ్డలు కలిగిరి. ఇంత పనిచేసినను అక్కడ ముఖ్య యింజనీరు పదవి ఆయనకు దక్కలేదు.

ఆ సమయమున పడమటి ఆస్ట్రేలియానుండి పిలుపు వచ్చెను. ఆ దేశమునకు 1890లోనే స్వపరిపాలన లభించినది. నేల విస్తారము, వలస వచ్చి నిలిచిన జనము యాబది వేలకు లోపు. ప్రధానిగానున్న జాను ఫారెస్టు తగిన యింజనీరుకొఱకు వెదకి ఓకానరును రమ్మనెను. నేను చూడవలసిన పని యేది, రైలుమార్గములా రేవులా యని ఓకానరు తంతి నడుపగా, రైలుమార్గములు, రేవులు, సమస్తము నని ఫారెస్టు బదులిచ్చెనట! 1891లో, నలువదియెనిమిదేండ్ల వయసున, ఆలుబిడ్డలతో మఱియొక సముద్రము దాటి ఆయన ఆ కొలువులో చేరెను.

మొదటి పని ఫ్రీమాంటిలు రేవు. అక్కడ హంసనది యను పేరుగల స్వాను నది సముద్రమున కలియుచున్నది. ఆ సంగమమున సున్నపుఱాతి తిన్నె యొకటి అడ్డముగా నుండుటచే పెద్ద యోడలు లోనికి రాజాలకుండెను. ఇంగ్లండులో ప్రఖ్యాతుడైన రేవుల నిపుణుడొకడు, నదీముఖమున ఇసుక మేట వేయును గాన రేవును బయట సముద్రములోనే కట్టవలెనని పూర్వమే సలహా యిచ్చియుండెను. ఓకానరు నీటి పోకలను, ఇసుక కదలికలను స్వయముగా పరిశీలించి, ఆ భయము నిలువదని తేల్చెను. తిన్నెను మందుగుండుతో పగులగొట్టి, అడుగు త్రవ్వి, నదినే రేవుగా చేయవచ్చునని వాదించి యొప్పించెను. 1892లో పని మొదలయ్యెను. 1897 మే 4వ తేదీని ప్రధాని భార్యయైన ఫారెస్టు దొరసాని చుక్కాని పట్టగా సుల్తాను అను పొగయోడ ఆ రేవులోనికి ప్రవేశించెను. ఇసుక మేట వేయలేదు. నేటికిని ఆ రేవు నడచుచునే యున్నది. అయితే ఆ ఱాతి తిన్నె నూంగారు లనబడు ఆదివాసులు నదిని దాటుటకు వాడుకొనుచు వచ్చిన త్రోవ యనియు, వారికది పోయినదనియు కూడ చెప్పుకొనవలెను. ఎంతటి ఘనకార్యమునకైనను మూల్యము చెల్లించువారు కొంద ఱుందురు.

ఇక రెండవ పని. 1892లో కూల్గార్డీ కడను, 1893లో కాల్గూర్లీ కడను బంగారము దొరకెను. కాల్గూర్లీలో దానిని కనుగొన్న ముగ్గురిలో ముఖ్యుడు పాడీ హానను అనునతడును ఐర్లండు వాడే. వేలకొలది జనము ఆ యెండు నేలకు పరుగెత్తిరి. బంగారము కలదు గాని నీరు లేదు. అక్కడి ఆదివాసులు ఱాతి గుంటలలో నిలిచిన వాననీటిని పొదుపుగా కాపాడుకొనుచు యుగములు గడపినవారు. వచ్చిన జనము, వారి గుఱ్ఱములు, ఒంటెలు ఆ గుంటలను అడుగంట చేసిరి. ఉప్పునీటిని కఱ్ఱమంటపై కాచి, ఆవిరిని చల్లార్చి, ఆ నీటిని వెలకు అమ్మిరి. స్నానమునకు నీరు లేదు, గుడ్డలుతుకుటకు లేదు. విషజ్వరము వ్యాపించి వందలమందిని పొట్టనబెట్టుకొనెను. ఎండకాలమున బిందె నీటికై గంటలకొలది కాచియుండిన గృహిణికి ఈ కష్టము వేఱుగా వివరింప నక్కరలేదు. మెడలో బంగారమున్నను మూకుటిలో నీరు లేనిదే యన్నము వండుట యెట్లు?

అప్పుడు ఓకానరు చేసిన యూహ జగమునకు వింతగా తోచెను. పెర్తు నగరమునకు తూర్పున నున్న కొండలలో, మండేరింగు అను చోట హెలీనా నదికి ఆనకట్ట కట్టవలెను. ఆ నీటిని ఉక్కు గొట్టముల ద్వారా 530 కిలోమీటర్ల దూరము, వెయ్యి యడుగులకు మించిన యెత్తునకు నడిపింపవలెను. మనకు తెలియునట్లు చెప్పవలెనన్న, విజయవాడనుండి చెన్నపట్నము దాకా రైలుదారి వెంట గొట్టము వేసి, ఇంకను నూఱు కిలోమీటర్లు పొడిగించినంత దూరము. అంతయు ఎగుడు పయనము. దినమునకు 50 లక్షల గ్యాలనులు, అనగా రెండుకోట్ల లీటర్లకు పైగా నీరు. దీనికి 25 లక్షల పౌనుల ఋణము కావలసి వచ్చెను. 1896లో ఫారెస్టు చట్టసభలో ప్రతిపాదించి ఆమోదము పొందెను. ఆ మఱుసటి సంవత్సరము ఓకానరు లండనుకు పోయి అక్కడి నిపుణుల యభిప్రాయమును కూడ తీసికొని వచ్చెను.

నీరు ఎగువకెట్లు నడచును? పెండ్లియింట నూతి కడనుండి వంటసాల వఱకు ఆడువారు వరుసగా నిలిచి, బిందెను ఒకరి చేతినుండి యొకరందుకొనుట మనము చూచినదే. దారి పొడవునను ఎనిమిది చోట్ల ఆవిరి యంత్రములను నిలిపి, ఒక్కొక్క యంత్రశాల తనకు వచ్చిన నీటిని పైనున్న దానికి నెట్టునట్లు ఏర్పాటు చేసిరి. గొట్టము లోపలి వెడల్పు 30 అంగుళములు. ఒక్కొక్కటి 28 అడుగుల పొడవు. మొత్తము సుమారు 60,000. వీనిని మేకులతో బిగించినచో ఆ మేకుల తలలు లోపల నీటికి అడ్డుపడును, సందులలో నీరు కారును. మెఫాను ఫెర్గుసను అను నతడు కనిపెట్టిన పద్ధతిని బట్టి, రెండు ఉక్కు రేకులను సగము గొట్టములుగా వంచి, వాని యంచులను పొడవాటి కమ్మీల గాడిలో దూర్చి, గట్టిగా నొక్కి గొట్టము చేసిరి. మేకు లేదు, అడ్డు లేదు.

ఇంతవఱకు విన్నవారు, ఇట్టివానికి బ్రహ్మరథము పట్టియుందు రనుకొందురు. జరిగినది వేఱు. నీరు కొండ యెక్కదని కొందఱనిరి. నీరు చేరునాటికి బంగారము తఱిగిపోవును, అప్పు మాత్రము మిగులునని కొందఱనిరి. ఇవి యభిప్రాయములు, ప్రజాధనము ఖర్చగునప్పుడు ప్రశ్నించుట తప్పుకాదు. కాని ప్రశ్న మెల్లమెల్లగా నింద యయ్యెను. ఫారెస్టు 1901 ఫిబ్రవరిలో సమాఖ్య ప్రభుత్వమునకు మంత్రియై పోయెను. వెనుక నిలిచి కాచువాడు లేక ఓకానరు ఒంటరి యయ్యెను. గొట్టముల యతుకులలో సీసము దట్టించు పని గుత్తను గుఱించి యనుమానములు లేచెను. వార్తాపత్రికలు ఆయనను లంచగొండి యని, ప్రజల సొమ్ము మ్రింగువాడని వ్రాసెను. చట్టసభలో సభ్యులు ఆ మాటలనే యెత్తుకొని మాటాడిరి. 1902 ఫిబ్రవరిలో విచారణసంఘము నియమింపబడెను.

ఆయన ప్రభుత్వోద్యోగి. సభలోనికి పోయి బదులు చెప్పుటకు వీలులేదు. ఒకవైపు వందల కిలోమీటర్ల పని, ఒకవైపు దినదినము పత్రికలలో తన పేరు. నిద్ర కఱవయ్యెను. అన్నము పెట్టు నిల్లాలికిని, ఎదిగిన బిడ్డలకును తండ్రి ముఖమున నేమి కనబడుచుండెనో మనమూహింపవచ్చును.

1902 మార్చి 10వ తేదీ ప్రాతఃకాలమున ఆయన యలవాటు చొప్పున గుఱ్ఱమెక్కి బయలుదేఱెను. నిత్యము వెంట వచ్చు చిన్న కుమార్తె ఆనాడు రాలేదు. తాను కట్టిన రేవును దాటి, ఫ్రీమాంటిలునకు దక్షిణముననున్న సముద్రతీరమునకు పోయి, అక్కడ తన ప్రాణమును తానే తీసికొనెను. వయసు 59 సంవత్సరములు.

ఆయన వ్రాసి విడిచిన జాబులో తన మెదడు బాధపడుచున్నదనియు, కూల్గార్డీ నీటి పథకము సరిగానే యున్నదనియు, అవకాశమును, అపవాదులనుండి రక్షణయు లభించినచో దానిని తాను ముగింపగలవాడ ననియు తెలిపెను. ఇంతటితో ముగియలేదు. చివర నొక వాక్యము చేర్చెను. అది ఇల్లాలిని గుఱించినది కాదు, శత్రువులను గుఱించినది కాదు. హెలీనా ఆనకట్టకు ప్రక్క గోడలను వెంటనే కట్టవలెనని! బ్రతుకుమీద ఆశ విడిచినవాడు పనిమీద శ్రద్ధ విడువలేదు. ఆ యొక్క వాక్యమే ఆయన నిర్దోషిత్వమునకు సాక్ష్యమని మాకు తోచుచున్నది. దొంగకు గోడ సంగతి యెందుకు?

ఫ్రీమాంటిలునందు నాలుగేండ్లకు పూర్వమే, 1898లో తెఱవబడిన శ్మశానవాటికలో ఆయనను ఖననము చేసిరి. పుట్టిన మీతు మండలము భూగోళమునకు ఆవలి వైపున నున్నది. తల్లిదండ్రుల సమాధులు లేవు, జ్ఞాతుల సమాధులు లేవు. ఆయన తెచ్చిన రేవు మాత్రము దగ్గఱలో నున్నది. మన ధర్మమున పరదేశమున పోయినవాని యస్థులనైనను గంగలో కలుపవలెనని తపించుదుము. ఓకానరు విషయమున నీరే దూరము నడచినది గాని, ఆయన యస్థులు కదలలేదు.

విచారణసంఘము తన పనిని ముగించెను. క్రింది యుద్యోగుల వ్యవహారములలో లోపములను ఎత్తిచూపినను, ఓకానరు లంచము తిన్నాడనుటకు ఆధారమేమియు దానికి కనబడలేదు. పనిని ఆయన సహచరులు ముగించిరి. ఆయన పోయిన పది నెలలకు, 1903 జనవరి 24వ తేదీని, మండుటెండలో ఫారెస్టు కాల్గూర్లీకి వచ్చి నీటిని విడిచెను. నీరు కొండ యెక్కెను. ఆయన లెక్క తప్పలేదు. అనగా శమంతకమణి సభకు వచ్చినది. తెచ్చి చూపవలసినవాడు మాత్రము లేడు.

1911లో ఫ్రీమాంటిలు రేవునందు పియెట్రో పోర్చెల్లి అను శిల్పి చేసిన ఆయన కంచు విగ్రహమును నిలిపిరి. ఆయన ప్రాణము విడిచిన తీరమునకు ఆయన పేరే పెట్టిరి. అక్కడ సముద్రపు నీటిలోనే అశ్వారూఢుడైన పురుషుని విగ్రహము నిలిచియున్నది. గొట్టములను కాలక్రమమున మార్చిరి, ఆవిరి యంత్రములకు బదులు విద్యుద్యంత్రములు వచ్చెను. కాని నీరు ఆ త్రోవనే పోవుచున్నది. గనులకే గాక దారిపొడవునను ఊళ్లకును, గోధుమ పండించు రైతులకును అందుచున్నది. 2009లో అమెరికా దేశపు సివిలు యింజనీర్ల సంఘము దీనిని చరిత్రాత్మకమైన నిర్మాణముగా గుర్తించెను.

ఇచ్చట మిక్కిలి గమనింపవలసిన సంగతి యొకటి యున్నది. ఆయన మరణమును గుఱించి ఆ దేశమున నొక కట్టుకథ పుట్టి, నేటికిని జనుల నోళ్లలో నానుచున్నది. కాల్గూర్లీలో కొళాయి త్రిప్పగా నీరు రాలేదనియు, అవమానము సహింపలేక ఆయన ప్రాణము విడిచెననియు, ఆ మఱుక్షణమే నీరు వచ్చెననియు చెప్పుకొందురు. వినుటకు ఎంత రసవత్తరముగా నున్నది! కాని తేదీలు చూడుడు. ఆయన పోయినది 1902 మార్చి. కొళాయి త్రిప్పినది 1903 జనవరి. ఈ కథవలన కలుగు నన్యాయమేమన, తప్పంతయు ఆయన తొందరపాటుపై పడును. నోరు పారవేసికొన్నవారు నిశ్శబ్దముగా తప్పించుకొందురు. బ్రతికియున్నప్పుడు లంచగొండి యని యొక యబద్ధము, చచ్చిన పిదప లెక్క తప్పినవాడని మఱియొక యబద్ధము. సమాధికి కూడ నీలాపనింద తప్పలేదు.

సోదరీమణులారా! ఆస్ట్రేలియా సంగతి మన కెందుకని యనుకొనకుడు. పత్రికలకంటె వేగముగా వార్తలు మోయు సాధనములు నేడు ప్రతి యింటను, ప్రతి చేతిలోను ఉన్నవి. ఫలానా కోడలు ఇట్టిదట, ఫలానా గుమాస్తా సొమ్ము కాజేసెనట, ఫలానావారి పిల్ల ఎవరితోనో కనబడెనట యని వచ్చిన మాటను మనము చదివి, నిట్టూర్చి, పదిమందికి పంపుదుము. ‘అట’ యను నొక్క యక్షరద్వయము చేర్చితిమి గాన మనకు పాపము లేదనుకొందుము. ద్వారకావాసులందఱును ‘అట’ యనియే పలికియుందురు. ఒక్కరైనను అడవికి పోయి అడుగుజాడలు చూచినవారు లేరు.

అందుచే మాకు తోచిన మూడు మాటలు చెప్పి ముగింతుము. మొదటిది: తేదీలు కలిసినవో లేవో, చూచినవారెవరో అడుగక యే నిందను ఇంటి గడప దాటింపరాదు. ఓకానరు కట్టుకథ రెండు తేదీలతో కూలిపోయినది. మన చుట్టును తిరుగు పుకారులలో సగము అంతమాత్రపు ప్రశ్నకే కూలును. రెండవది: నింద మోయుచున్నవాడు మన యింట నున్నచో, ఆయన మౌనమును ధైర్యమనుకొని యూరకుండరాదు. నిద్ర పట్టకున్నను, ఆహారము సహింపకున్నను, బ్రతుకు వృథా యను మాట పెదవి దాటినను, ఒంటరిగా విడువక దగ్గఱ కూర్చుండి అడుగవలెను, వైద్యునికి చూపవలెను. మనసుకు వచ్చిన జబ్బు సిగ్గుపడవలసిన విషయము కాదు. మూడవది: నిందించినవారికి తమ తప్పు తెలిసినప్పుడు, బ్రతికియుండగానే వచ్చి చెప్పవలెను. సత్రాజిత్తు సిగ్గుపడి, కృష్ణుని కడకు వచ్చి, మణితోపాటు కుమార్తెయైన సత్యభామను సమర్పించెను. ఫ్రీమాంటిలు పౌరులు తొమ్మిదేండ్లకు కంచు విగ్రహము నిలిపిరి. కంచునకు చెవులు లేవు గదా!

వచ్చు చవితినాడు అక్షతలు తలపై వేసికొనునప్పుడు, మనపై నింద రాకుండుగాక యని మాత్రమే గాక, మన నోట నింద రాకుండుగాక యనియు వేడుకొందము.